దడకు మాత్ర కొనే ముందు నాడి పట్టి చూడండి

గుండె దడ మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. ఎక్కువమంది అడిగింది ఏ సప్లిమెంట్ వాడాలని. దానికి జవాబు చెప్పాలంటే అది ఎలాంటి దడో ముందు తెలియాలి. దడ అన్నది జబ్బు పేరు కాదు. గుండె కొట్టుకోవడం మనకు తెలుస్తోందని చెప్పే మాట అంతే. దాని వెనక రక్తహీనత ఉండొచ్చు, థైరాయిడ్ ఉండొచ్చు, ఒక్కోసారి మనం బలానికని మింగుతున్న మాత్రే ఉండొచ్చు.

దడతో పాటు స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి లేదా బరువు అనిపించినా, ఊపిరి అందకపోయినా వెంటనే అత్యవసర వైద్యం కావాలి, ఈ శీర్షిక చదువుతూ కూర్చోవద్దు. పరుగెడుతున్నప్పుడో బరువులెత్తుతున్నప్పుడో దడ మొదలయ్యేవారు, ఇదివరకే గుండెజబ్బు ఉన్నవారు, రక్తసంబంధీకుల్లో నలభై ఏళ్లలోపే హఠాత్తుగా చనిపోయినవారెవరైనా ఉన్నవారు కూడా ముందు గుండె డాక్టరుకు చూపించుకున్నాకే ఇక్కడ చెప్పినవి పాటించాలి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. రాత్రి పడుకోగానే గుండె ఒకసారి ఆగి, తర్వాత దబ్‌మని కొట్టినట్టు ఉంటుంది. ఎడమవైపు తిరిగితే మరీ ఎక్కువ. ఈసీజీ మామూలుగానే ఉందన్నారు. మెగ్నీషియం వాడితే తగ్గుతుందని స్నేహితురాలు చెప్పింది. ఏ రకం, ఎంత వాడాలి?

జవాబు: మీరు చెప్పిన తీరు చూస్తే ఇవి ఎక్టోపిక్ బీట్స్ కావడానికే అవకాశం ఎక్కువ. తప్పిపోయిందనుకుంటున్న స్పందన నిజానికి తప్పలేదు, సమయానికంటే ముందే వచ్చేసింది. అప్పటికి గుండెలోకి రక్తం సరిగా చేరలేదు కాబట్టి ఆ స్పందన మీకు తెలియదు, మణికట్టు దగ్గర నాడికీ అందదు. ఆ తర్వాత గుండె కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. ఆ విరామంలో రక్తం మరింత నిండుతుంది. నిండిన గుండె తర్వాతిసారి గట్టిగా తన్నుతుంది. మిమ్మల్ని భయపెడుతున్న ఆ ‘దబ్’ మామూలు స్పందనే. ఎడమవైపు పడుకుంటే గుండె ఛాతీ గోడకు దగ్గరవుతుంది, పైగా రాత్రి చుట్టూ నిశ్శబ్దం, అందుకే అప్పుడు బాగా తెలుస్తుంది. కుడివైపు తిరిగి, తల కింద ఇంకో దిండు పెట్టుకుని చూడండి. కొందరికి ఆ ఒక్క మార్పే చాలు.

అయితే మీ ఈసీజీ పది సెకన్ల చిత్రం మాత్రమే. ఆ పది సెకన్లలో ఎక్టోపిక్ రాకపోతే రిపోర్టు మామూలుగానే ఉంటుంది. అందుకని మాత్ర కొనే ముందు రక్తంలో హీమోగ్లోబిన్, థైరాయిడ్ తీరు చెప్పే టీఎస్‌హెచ్, పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకోండి. వీలైతే మెగ్నీషియం కూడా. మెగ్నీషియం రిపోర్టు మాత్రం పూర్తిగా నమ్మదగ్గది కాదు. ఒంట్లో ఉన్న మెగ్నీషియంలో ఒక శాతం కూడా రక్తంలో ఉండదు, మిగతాదంతా ఎముకల్లో, కండరాల్లో, కణాల లోపల దాగి ఉంటుంది. రిపోర్టులో తక్కువ వస్తే లోటు ఉన్నట్టే. సరిపడా వచ్చిందంటే లోటు లేదని చెప్పలేం.

మెగ్నీషియం ఎవరికి పనిచేస్తుంది? లోటు ఉన్నవారికి. మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్రలు వాడేవారు, ఎసిడిటీకి ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి ఏడాదికి పైగా మింగుతున్నవారు, తరచూ విరేచనాలు అయ్యేవారు, చక్కెర అదుపులో లేనివారు, మద్యం ఎక్కువ తాగేవారు ఈ కోవలోకి వస్తారు. వీళ్లలో దడ తగ్గడం చూస్తుంటాం. లోటు లేనివారికి లాభం ఉంటుందనడానికి ఆధారాలు బలంగా లేవు. కిడ్నీలు బాగుంటే కొన్నాళ్లు వాడి చూడటంలో పెద్ద ప్రమాదమూ లేదు.

సీసా మీద అంకెలు చదవడంలోనే చాలామంది పొరపడతారు. ‘మెగ్నీషియం సిట్రేట్ 1000 మి.గ్రా.’ అని ఉంటే అందులో అసలు మెగ్నీషియం సుమారు 160 మి.గ్రా. మాత్రమే. గ్లైసినేట్‌లో ఇంకాస్త తక్కువ. ఆక్సైడ్‌లో అసలు మెగ్నీషియం 60 శాతం దాకా ఉంటుంది కానీ పేగులు దాన్ని సరిగా పీల్చుకోవు, మిగిలిందంతా విరేచనం రూపంలో పోతుంది. అందుకే ‘ఎలిమెంటల్’ అని రాసిన అంకెనే లెక్కలోకి తీసుకోండి. గ్లైసినేట్ గానీ సిట్రేట్ గానీ రాత్రి భోజనంతో అసలు మెగ్నీషియం 100 మి.గ్రా. వచ్చేలా వారం రోజులు, ఆ తర్వాత 200 మి.గ్రా. చాలు. మాత్రల రూపంలో పెద్దవాళ్లు తీసుకోవడానికి అమెరికా నిపుణులు పెట్టిన గరిష్ఠ పరిమితి రోజుకు 350 మి.గ్రా., యూరప్‌లో 250 మి.గ్రా. ఆహారంలోంచి వచ్చేది ఈ లెక్కలోకి రాదు. ఆరు వారాలు వాడాక తేడా తెలియకపోతే ఆపేయండి. నెలల తరబడి ఆశతో మింగక్కర్లేదు.

తేడా తెలియాలంటే రాసుకోవాలి. రోజూ పడుకునే ముందు ఒక వరుస: ఎన్నిసార్లు వచ్చింది, ఎప్పుడు, ముందు ఏం తాగారు, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు. మాత్ర మొదలుపెట్టే ముందే రెండు వారాలు ఇలా రాయండి. ఎక్టోపిక్స్ వాటంతట అవే వారాల తరబడి తగ్గి మళ్లీ వస్తుంటాయి. ముందు లెక్క లేకపోతే, దానంతట అది తగ్గిన ఘనత మాత్రకు పోతుంది.

విరేచనాలు మొదలైతే మోతాదు తగ్గించండి. భరించి కొనసాగిస్తే నీళ్లు, పొటాషియం పోయి దడ ఇంకా పెరుగుతుంది. కిడ్నీ సమస్య ఉన్నవారు డాక్టరు చెప్పకుండా మెగ్నీషియం ముట్టుకోవద్దు, అది బయటకు పోయే దారి కిడ్నీ ఒక్కటే. థైరాయిడ్‌కు వాడే థైరాక్సిన్ మాత్రకూ మెగ్నీషియానికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడే రోజుల్లో మెగ్నీషియం మానేస్తే సరి, లేకపోతే మందు ఒంటికి పట్టదు.

ప్రశ్న: నేను బీపీకి టెల్మిసార్టన్ వాడుతున్నాను. దడకు పొటాషియం మంచిదని విన్నాను. మాత్రలు తెచ్చుకోవచ్చా? ఉప్పు మానేసి ‘లో సోడియం’ ఉప్పు వాడుతున్నాను.

జవాబు: వద్దు. రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. తక్కువైతే గుండె లయ తప్పుతుంది, బాగా ఎక్కువైతే గుండె ఆగిపోవచ్చు. టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి మందులు పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపి ఉంచుతాయి. మీరు వాడుతున్న ‘లో సోడియం’ ఉప్పులో సోడియం బదులు సాధారణంగా పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. అంటే ఇప్పటికే రెండు వైపుల నుంచీ పెరిగే అవకాశం ఉంది. ఆ ఉప్పు ఆపి, ఈ వారంలోనే పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: రోజుకు ఐదు కప్పుల కాఫీ తాగుతాను. దడ తగ్గాలంటే పూర్తిగా మానాల్సిందేనా?

జవాబు: అందరూ మానక్కర్లేదు. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజుకు 400 మి.గ్రా. దాకా కెఫీన్ ఫర్వాలేదని అంటారు, గర్భిణులకు 200. కప్పు కాఫీలో సుమారు 80 నుంచి 100 ఉంటుంది, టీలో దాదాపు సగం. మీ ఐదు కప్పులు ఆ గీత మీదో, పైనో ఉన్నాయి.

2023లో ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఆరోగ్యవంతులైన వంద మందికి గుండె లయను నిరంతరం నమోదు చేసే పట్టీ అంటించి, కొన్ని రోజులు కాఫీ తాగమన్నారు, కొన్ని రోజులు మానమన్నారు. కాఫీ తాగిన రోజుల్లో గుండె పై గదుల్లో పుట్టే ఎక్టోపిక్స్ చెప్పుకోదగ్గంత పెరగలేదు. కింది గదుల్లో పుట్టేవి మాత్రం సుమారు ఒకటిన్నర రెట్లయ్యాయి. నిద్ర అరగంటకు పైగా తగ్గింది. ఈ చివరిది చిన్న విషయం కాదు. కాఫీ నేరుగా గుండెను కదిలించకపోయినా, తగ్గిన నిద్ర కదిలిస్తుంది.

మీకు పడుతుందో లేదో మీరే తేల్చుకోవచ్చు. ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజులు తలనొప్పి, చిరాకు, ఆ చిరాకులో దడ ఇంకా ఎక్కువ. అందుకే మూడు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గించుకుంటూ రండి. సున్నాకు వచ్చాక రెండు వారాలు ఆగి, పొద్దున ఒక కప్పుతో మళ్లీ మొదలుపెట్టండి. దడ లెక్కలో మార్పు లేకపోతే కాఫీని నిందించక్కర్లేదు. ఏదేమైనా మధ్యాహ్నం తర్వాత వద్దు. తాగిన కెఫీన్‌లో సగం బయటకు పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఇంకా ఎక్కువ.

జిమ్‌కు వెళ్లేవారు వ్యాయామానికి ముందు నీళ్లలో కలుపుకునే పొడుల మీద ఓ కన్నేయండి. కొన్నింటిలో ఒక్క చెంచాకే 300 మి.గ్రా. దాకా కెఫీన్ ఉంటుంది. మద్యం సంగతికొస్తే ఇంత సందేహం అక్కర్లేదు. సెలవురోజుల్లో ఎక్కువగా తాగి గుండె లయ తప్పి ఆస్పత్రికి వచ్చేవారిని చూసి 1978లోనే వైద్యులు దానికి ‘హాలిడే హార్ట్’ అని పేరు పెట్టారు.

ప్రశ్న: ఉన్నట్టుండి స్విచ్ వేసినట్టు గుండె నిమిషానికి 180 కొట్టుకుంటుంది. పది, ఇరవై నిమిషాలకు అలాగే టక్కున ఆగిపోతుంది. ఎస్‌వీటీ అని డాక్టరు చెప్పారు. ఇంట్లో ఏమైనా చేసుకోవచ్చా? ఏ విటమిన్ వాడితే మంచిది?

జవాబు: దీనికి విటమిన్లతో పనిలేదు. ఎస్‌వీటీ అంటే గుండెలో విద్యుత్తు ఒక అదనపు దారిలో పడి గుండ్రంగా తిరగడం. ఆ దారి ఏ మాత్రతోనూ పూడదు. ఇంట్లో చేయగలిగింది మాత్రం ఒకటుంది. వాల్సాల్వా పద్ధతి, అందులోనూ మార్చిన పద్ధతి. 2015లో 428 మంది మీద చేసిన పరీక్షలో పాత పద్ధతితో 17 శాతం మందిలో లయ సర్దుకుంటే, దీనితో 43 శాతం మందిలో సర్దుకుంది.

మంచం మీద వీపు వెనక దిండ్లు పెట్టుకుని సగం పడుకున్నట్టు కూర్చోండి. 10 మి.లీ. ఖాళీ సిరంజి సన్నని మూతిని, సూది లేకుండా, నోట్లో పెట్టుకుని వెనక ఉన్న పిస్టన్ కొద్దిగా కదిలేంత బలంగా 15 సెకన్లు ఊదండి. ఆపిన మరుక్షణం దిండ్లు లాగేసి వెల్లకిలా పడుకోవాలి. పక్కనున్నవారు మీ రెండు కాళ్లనూ 45 డిగ్రీలు పైకెత్తి 15 సెకన్లు పట్టుకోవాలి. తర్వాత మళ్లీ సగం కూర్చున్న స్థితికి వచ్చి ముప్పావు నిమిషం ఆగి నాడి చూడండి. కుదరకపోతే ఇంకోసారి.

ఎక్కడ చెడుతుందంటే, చాలామంది బుగ్గలు ఉబ్బించి ఊదుతారు. ఒత్తిడి నోట్లో కాదు, ఛాతీలో, పొట్టలో పడాలి. మలబద్ధకంలో ముక్కినట్టు ఉండాలి. రెండోది, ఊదడం ఆపాక నెమ్మదిగా సర్దుకుని పడుకుంటారు. పనిచేసేదే ఆ కుదుపు, ఆలస్యమైతే ఫలితం లేదు. కాబట్టి దడ లేనప్పుడే ఇంట్లోవాళ్లతో ఒకటి రెండుసార్లు సాధన చేయండి. ఈ మధ్య గుండెపోటు వచ్చినవారు, గుండె కవాటం సన్నబడినవారు, కంటి రెటీనా జబ్బు గానీ గ్లాకోమా గానీ ఉన్నవారు చేయకూడదు. కనుగుడ్లు నొక్కమని ఎవరైనా చెబితే అసలు వినొద్దు. మెడ దగ్గర రక్తనాళం నొక్కడం డాక్టరు చేతి పని, సొంతంగా వద్దు.

రెండు మూడు ప్రయత్నాలకు తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లండి, దడ నడుస్తుండగానే ఈసీజీ తీయించుకోండి. ఆ ఒక్క కాగితం మీ కేసుకు అన్నిటికంటే విలువైనది. దడ మాటిమాటికీ వస్తుంటే అబ్లేషన్ గురించి అడగండి. తొడ దగ్గర రక్తనాళంలోంచి తీగ పంపి ఆ అదనపు దారిని మూసేస్తారు. ఎక్కువమందికి దాంతో పూర్తిగా నయమవుతుంది.

ప్రశ్న: నాకు గుండె జబ్బేమీ లేదు. ఆరోగ్యం కోసం చేప నూనె రోజుకు 4 గ్రాములు, కోక్యూ10, అశ్వగంధ, జుట్టుకు బయోటిన్, విటమిన్ డి వాడుతున్నాను. అయినా ఆరు నెలలుగా దడ. ఇంకేం చేర్చాలి?

జవాబు: చేర్చొద్దు, తీసేయండి. మీ జాబితాలో దడను తగ్గించే వాటికంటే దడకు కారణం కాగలిగినవే ఎక్కువ.

చేప నూనె గుండెకు మంచిదన్న మాట బాగా వ్యాపించింది కానీ మోతాదు మాట మరుగునపడింది. చేప నూనెలో ఉండే ఒమేగా-3 రోజుకు 4 గ్రాములు ఇచ్చిన పెద్ద పరీక్షల్లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు అడ్డదిడ్డంగా వణకడం, మందు వాడనివారి కంటే ఎక్కువగా కనిపించింది. ట్రైగ్లిజరైడ్లకు డాక్టరు రాసిస్తే అది వేరే లెక్క. ఊరికే ఆరోగ్యం కోసమని ఆ మోతాదు అక్కర్లేదు.

అశ్వగంధ కొందరిలో థైరాయిడ్ హార్మోన్లను పెంచుతుంది. దానివల్ల దడ, చేతులు వణకడం, బరువు తగ్గడం వచ్చినవారి గురించి వైద్య పత్రికల్లో నమోదైంది. విటమిన్ డి అవసరానికి మించి నెలల తరబడి మింగితే రక్తంలో కాల్షియం పెరిగి, అదీ లయను చెడగొడుతుంది. కోక్యూ10 మీద మాకు పెద్ద ఫిర్యాదు లేదు, పెద్ద నమ్మకమూ లేదు. కాకపోతే రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారిలో ఆ మందు ప్రభావాన్ని తగ్గించవచ్చు.

బయోటిన్ చేసేది ఇంకో రకం గడబిడ. అది గుండెను ఏమీ అనదు, రక్తపరీక్షను మోసం చేస్తుంది. ఎక్కువ మోతాదులో వాడేవారికి కొన్ని ల్యాబ్ యంత్రాల్లో టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా వస్తుంది. దడ కూడా ఉంది కాబట్టి చూసినవారు థైరాయిడ్ ఎక్కువైందని అనుకుంటారు, లేని జబ్బుకు మందు మొదలవుతుంది. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా దీనివల్ల తప్పుగా తక్కువ రావచ్చు. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి, ల్యాబ్‌లోనూ డాక్టరుకూ చెప్పండి.

డాక్టరు రాసివ్వనివన్నీ ఈరోజే ఆపి నాలుగు వారాలు చూడండి. దడ తగ్గితే, మీకు నిజంగా కావాలనుకున్నదాన్ని ఒక్కటే తిరిగి మొదలుపెట్టి రెండు వారాలు గమనించండి. రెండు కలిపి మొదలుపెడితే ఏది దొంగో తేలదు. జలుబు మాత్రల్లోని సూడోఎఫిడ్రిన్, బరువు తగ్గించే గుళికలు, ఎక్కువగా చప్పరించే అతిమధురం కూడా ఈ జాబితాలో రాసుకోండి. అతిమధురం పొటాషియాన్ని తగ్గిస్తుంది, బీపీని పెంచుతుంది.

ప్రశ్న: గుండె లయను రోజంతా నమోదు చేసే హోల్టర్ పెట్టారు. 24 గంటల్లో 1,800 ఎక్టోపిక్స్ వచ్చాయి. ఆ అంకె చూశాక నిద్ర పట్టడం లేదు. వాచీలో రోజూ ఇరవైసార్లు ఈసీజీ తీసుకుంటున్నాను.

జవాబు: గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. మీ 1,800 అందులో రెండు శాతంలోపే. కింది గదుల ఎక్టోపిక్స్ మొత్తం స్పందనల్లో పది శాతం దాటితే గుండె కండరం అలసిపోయే ప్రమాదం ఉందని ఎకోతో, అంటే గుండె స్కానింగ్‌తో, కనిపెట్టి చూస్తారు. మీ ఎకో బాగుంటే, ఈ అంకె దగ్గర భయపడాల్సింది లేదు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర కూడా ఇబ్బంది భరించలేకపోతేనే.

వాచీని దడ వచ్చినప్పుడు మాత్రమే వాడండి. చేయి బల్ల మీద ఆనించి, కదలకుండా 30 సెకన్లు తీసి దాచి, డాక్టరుకు చూపండి. పట్టీ వదులుగా ఉన్నా, చేయి కదిలినా, చర్మం పొడిగా ఉన్నా పిచ్చి గీతలు వస్తాయి. ఏమీ లేనప్పుడు ఇరవైసార్లు తీస్తే మిగిలేది ఆందోళన, ఆందోళనతో పెరిగే అడ్రినలిన్, దానితో ఇంకొన్ని ఎక్టోపిక్స్. నాడి పూర్తిగా అడ్డదిడ్డంగా, ఏ రెండు కొట్టుకూ మధ్య ఎడం ఒకేలా లేకుండా నిమిషాల తరబడి సాగితే మాత్రం అదే రోజు డాక్టరును కలవండి. అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అయితే రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ప్రమాదాన్ని లెక్కవేయాలి.

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. లేచి నిలబడితే గుండె దడదడలాడుతుంది, నీరసం. నెలసరి ఎక్కువగా అవుతుంది. ఐరన్ మాత్రలు వేయమంటారా?

జవాబు: ముందు హీమోగ్లోబిన్‌తో పాటు ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ కూడా చూపించండి. హీమోగ్లోబిన్ 12 దాటి ఉన్నా ఫెరిటిన్ అడుగంటి ఉండొచ్చు. ఫెరిటిన్ 15 లోపు ఉంటే ఐరన్ నిల్వలు అయిపోయినట్టే. అప్పుడు ఐరన్ వేయడమే దడకు మందు. అసలు ఐరన్ 60 మి.గ్రా. ఉండే మాత్ర రోజు విడిచి రోజు, పొద్దున్నే ఖాళీ కడుపుతో ఇస్తే చాలామందికి సరిపోతుంది. రోజూ వేస్తే దాన్ని పీల్చుకోకుండా అడ్డుకునే హార్మోన్ పెరుగుతుంది, కడుపులో వికారమూ ఎక్కువ. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలు రెండు గంటలు దూరంగా ఉంచాలి. మలం నల్లగా వస్తే కంగారు పడకండి. నెలకు హీమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే మాత్ర మార్చడం కాదు, రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి. హీమోగ్లోబిన్ సరిపడా వచ్చాక కూడా నిల్వల కోసం ఇంకో మూడు నెలలు కొనసాగించాలి. అధిక రక్తస్రావానికి స్త్రీల వైద్యురాలిని కలవకపోతే ఎంత పోసినా చిల్లుకుండే.

రక్తం బాగుండీ నిలబడితే దడ వస్తుంటే ఇంట్లో ఒక పరీక్ష చేయండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి నిమిషానికి నాడి లెక్కించండి. నిలబెట్టి 1, 3, 5, 10 నిమిషాల దగ్గర మళ్లీ లెక్కించండి. గోడకు ఆనకూడదు, కళ్లు తిరిగితే వెంటనే కూర్చోబెట్టాలి. బీపీ పడిపోకుండా నాడి పడుకున్నప్పటికంటే 30కి పైగా పెరిగి అలాగే ఉండి, ఇది నెలల తరబడి సాగుతుంటే పాట్స్ అనే సమస్య ఉందేమో డాక్టరు చూడాలి. దానికి రోజుకు రెండు మూడు లీటర్ల నీళ్లు, డాక్టరు చెప్పిన మేరకు అదనపు ఉప్పు, పొట్ట దాకా వచ్చే బిగుతు మేజోళ్లు, పడుకుని లేదా కూర్చుని చేసే వ్యాయామం ఇవన్నీ మాత్రల కంటే ముందు వస్తాయి.

ప్రశ్న: టెన్షన్ పడినప్పుడల్లా దడ. ప్రోప్రనలాల్ ఏడాదిగా రోజూ వాడుతున్నాను. ప్రాణాయామం మొదలుపెట్టాను కాబట్టి మాత్ర ఆపేయొచ్చా?

జవాబు: ఒక్కరోజులో ఆపొద్దు. ఇన్నాళ్లూ మాత్ర అణచిపెట్టిన అడ్రినలిన్‌కు గుండె ఒక్కసారిగా ఎక్కువ స్పందిస్తుంది, దడ మునుపటికంటే గట్టిగా తిరగబడుతుంది. గుండె రక్తనాళాల్లో అడ్డంకులున్నవారికి గుండెపోటు కూడా రావచ్చు. రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడి కొన్ని వారాల మీద మోతాదు తగ్గించుకుంటూ రండి. శ్వాస సాధన మానక్కర్లేదు. నాలుగు సెకన్లు లోపలికి, ఆరు సెకన్లు బయటికి, ఊపిరి బిగబట్టకుండా, పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు. వేగంగా ఊదే రకాలు మీకు వద్దు. వాటితో రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి పెదవులు తిమ్మిరెక్కడం, తల తిరగడం, దడ మొదలవుతాయి. మోతాదు తగ్గించే వారాల్లో పొద్దున లేవగానే నాడి రాసుకోండి, వారం సగటు మునుపటికంటే 15 దాకా పెరిగితే అక్కడే ఆగి డాక్టరుకు ఫోన్ చేయండి.